ఉప్పాలియస్ చెప్పిన మాట

తడి గుడ్డ. నల్లబోర్డు. సుద్ద వాసన.

పొద్దున ఆరున్నరకు మాసయ్య బోర్డు తుడుస్తాడు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. నిన్నటి మాట కరిగి, తెల్లటి నీళ్లయి మోచేతి దాకా కారుతుంది.

బోర్డు అంచుల నుంచి ఆరుతూ వస్తుంది. మధ్యలో అరచేయంత తడి మాత్రం చివరిదాకా ఉండిపోతుంది.

ఆ తడి మీద రాయకూడదు.

రాస్తే అప్పటికి ఏమీ కనబడదు. ఆరాక తేలుతుంది, తెల్లగా, మొండిగా. ఎంత తుడిచినా మరక ఉంటుంది. ముప్పై ఏళ్లు సుల్తాన్ బజార్‌లో దుకాణాలకు బోర్డులు రాసినవాడికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా?

ఫ్లెక్సీలు వచ్చి మాసయ్య కుంచె మూలపడింది. కుంచె పోయిన చేతికి సుద్దముక్క దొరికింది. అశోక్‌నగర్ గల్లీలో, జిరాక్స్ దుకాణం పైన, మూడో అంతస్తులో ఒక రీడింగ్ హాల్. అరవై కుర్చీలు. గ్రూప్ వన్ కోసం, ఇంకేవో పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చిన అరవై మంది పిల్లలు. తాళం తీయడం, ఊడ్చడం, మంచినీళ్ల క్యాన్ ఎత్తడం, బోర్డు మీద రోజుకో మాట రాయడం... మాసయ్య నౌకరీ ఇదే.

మాటలు మాసయ్యవి కావు. హాలు యజమాని రామచంద్రరావు గారు చీటీ మీద రాసిస్తారు. చిక్కడపల్లిలో ఇల్లు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన చీటీలన్నీ ఒక్క సంగతి మీదే.

మనిషి అంటే ఏమిటి?

సోమవారం ఒకాయన, మనిషి పుట్టుకతోనే మంచివాడంటాడు. మంగళవారం ఇంకొకాయన, అదేం కాదు, నెత్తిన కర్ర లేకపోతే మనిషి మనిషిని బతకనివ్వడంటాడు. బుధవారం మూడో ఆయన వచ్చి, మంచీ లేదు చెడూ లేదు, అంతా పెంపకమంటాడు. వేల ఏళ్లుగా తెగని పంచాయితీ.

మాసయ్య ముగ్గురినీ ఒకే గుడ్డతో తుడిచేస్తాడు.

*

ఆ వానాకాలం రామచంద్రరావు గారికి కంటి ఆపరేషన్ అయింది.

వారానికి సరిపడా చీటీలు ఇచ్చి పోయారు. కంటి పట్టీ మాత్రం రెండు వారాలు ఉంది. ఏడు రోజులకు ఏడు చీటీలు అయిపోయాయి. ఎనిమిదో రోజు పొద్దున వాన. బోర్డు ఎంతకూ ఆరడం లేదు. మాసయ్య దాని ముందు నిలబడ్డాడు, చేతిలో సుద్ద ఉంది, జేబులో చీటీ లేదు.

"అన్నా, ఇయ్యాల బోర్డు ఖాళీ ఏంది?" ముందు వరుసలోంచి జగదీశ్వర్ అనే పిల్లగాడు అడిగాడు.

ఊరుకుంటే పోయేది. ఒక్క రోజు ఖాళీగా ఉంటే కొంపలేం మునగవు. కానీ అరవై జతల కళ్లు బోర్డు వైపు... మనిషికి అంతకంటే ఏం కావాలి?

మాసయ్యకు తండ్రి గుర్తొచ్చాడు.

తండ్రి పేరు ఉప్పలయ్య. ఆలేరు అవతలి ఊరు. గొర్రెల కాపరి. అక్షరం ముక్క రానివాడు. ఒకనాడు పదేళ్ల మాసయ్య కునుకు తీస్తే ఒక గొర్రె తప్పిపోయింది. ఎండ అన్నాడు, తలనొప్పి అన్నాడు, కుక్క మొరగలేదన్నాడు. అంతకు ముందు వారమే పక్కింటి పిల్లవాడి గొర్రె తప్పిపోతే వాణ్ని "మొద్దు" అన్నది కూడా ఈ మాసయ్యే. తండ్రి కొట్టలేదు. కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు.

"నీ తప్పుకు కారణం చెప్తవ్. పక్కోని తప్పుకు పేరు పెడ్తవ్. మనిషన్నంక గంతేరా."

అదే రాశాడు మాసయ్య, అంచున కాస్త ఆరిన చోట. పుస్తకాల భాషలోకి దిద్ది, గుండ్రటి అక్షరాల్లో—

తన తప్పుకు మనిషి కారణం చెబుతాడు. పక్కవాడి తప్పుకు పేరు పెడతాడు.

ఒక్క పెన్నూ లేవలేదు.

చూశారు. చదివారు. తలలు దించుకుని మళ్లీ పుస్తకాల్లో పడ్డారు. బయట వాన మాత్రం పడుతూనే ఉంది.

"ఎవలన్నరన్నా ఇది?" మళ్లీ జగదీశ్వరే. "పేరు లేకుంటే ఎస్సేల ఎట్ల రాస్తం?"

నిజమే. పేరు కావాలి. పెద్దలు ఊరికే అన్నారా, పెరటి చెట్టు మందుకు పనికిరాదని?

ఉప్పలయ్య అని రాయవచ్చు. మా నాయిన అని రాయవచ్చు. చెయ్యి లేచింది కూడా. కానీ నవ్వుతారేమో అనిపించింది. గొర్ల కాపరి అంటే ఫక్కున నవ్వుతారేమో. కన్నతండ్రి పేరు రాయడానికి సిగ్గుపడ్డాడు, ఏం చెప్పాలి! ఆ సిగ్గులోంచి, ఆ తొందరలోంచి, ఒక పేరు పుట్టింది.

— ఉప్పాలియస్, ప్రాచీన గ్రీకు తత్వవేత్త.

తడి మీదే రాశాడు.

కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కో అక్షరం తేలింది. తేలుతుంటే పెన్నులు కదిలాయి. ఒకటి, పది, అరవై. రేకుల మీద వాన మొదలైనట్టు హాలంతా ఒకటే చప్పుడు.

మాసయ్య ఛాతీ ఉబ్బింది. అబద్ధం ఎందుకు, ఉబ్బింది.

*

నవనీత అందరి కంటే ఆఖరున రాసుకుంది.

కిటికీ పక్క కుర్చీ ఆమెది. జనగామ దగ్గరి పల్లె. హాస్టల్‌లో ఉంటుంది. పరీక్ష రాయడం ఇది నాలుగోసారి, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న ఆఖరుసారి. పొద్దున్నే కింది నుంచి రెండు టీలు తెచ్చి, ఒకటి మాసయ్య చేతికిచ్చి గానీ పుస్తకం తెరవదు. సన్నటి నోట్‌బుక్ ఒకటి ఉంది ఆమె దగ్గర. బోర్డు మీది మాటలన్నీ అందులో ఉంటాయి, తేదీలతో సహా.

"కాకా, ఈ ఉప్పాలియస్ పేరు నేనెప్పుడు వినలే. ఎవలాయన?"

అప్పుడైనా చెప్పవచ్చు. టీ గ్లాసు చేతిలో వేడిగా ఉంది.

"పాతకాలపోడు బిడ్డా," అన్నాడు మాసయ్య. "గొర్లు కాసెటోడట."

నవనీత ముఖం వెలిగింది. "గొర్లు కాసెటోడు గింత మాటన్నడా! మా తాత గూడ గొర్లే కాసిండు కాకా."

టీ చప్పరించి తల ఊపాడు. అంతే. అబద్ధానికి ఒక తల ఊపు చాలు.

ఆ తర్వాత చెప్పాలనుకున్న రోజులు ఎన్నో. ప్రతి రోజుకూ ఒక కారణం ఉంది. సారుకు తెలిస్తే నౌకరీ పోతుంది. బిడ్డ చదువుకుంటోంది, నడుమ ఎందుకు పరేషాన్ చేయాలి? పరీక్షలో ఆ మాటే వస్తుందా ఏమన్నా? అయినా మాట మంచిదే కదా...

కారణాలు. మందలో గొర్రెల్లా ఒకదాని వెనక ఒకటి.

రామచంద్రరావు గారి కన్ను నయమైంది. చీటీలు మళ్లీ వచ్చాయి. మాసయ్య రోజూ కొత్త మాట రాస్తూనే ఉన్నాడు. కానీ తడి గుడ్డ వేసినప్పుడల్లా, కొత్త మాట కింద, బోర్డు మధ్యలో, మసగ్గా ఆ పేరు ఉంది. పిల్లలకు కనబడదు. రాసినవాడికి కనబడుతుంది.

*

పరీక్షలు అయిన రోజు నవనీత మూడు అంతస్తులూ పరుగున ఎక్కి వచ్చింది. రొప్పుతోంది. నవ్వుతోంది.

"కాకా! ఎస్సే ఏమొచ్చిందో తెలుసా? మనిషి స్వభావం మీద వచ్చింది! మనోళ్లందరు వేరే ఆప్షన్ రాసిన్రు, నేనొక్కదాన్నే గిది పట్టిన. మన ఉప్పాలియస్‌తోనే మొదలువెట్టిన, ఆయనతోనే ముగించిన. నడుమ గూడ మూడు పేజీలు ఆయనే!"

కింద గల్లీలో ఎవరో ఆటో హారన్ కొట్టారు. మాసయ్యకు అది చాలా దూరం నుంచి వినబడింది.

"మంచిగుంది బిడ్డా," అన్నాడు.

తేలు కుట్టిన దొంగ అరవలేడు.

ఆ సాయంత్రమే రామచంద్రరావు గారి దగ్గర నిలబడి, సుద్దపెట్టె సర్దుతున్నట్టు నటిస్తూ అడిగాడు. "సార్, ఎస్సేల ఎవలిదన్న పేరు తప్పు రాస్తే... మార్కులు పోతయా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పేరు తప్పితే పెద్ద నష్టం లేదయ్యా. మనుషులం, మరిచిపోతాం. లేని మనిషిని పుట్టించి రాస్తే మాత్రం, దిద్దేవాడు ఆ తర్వాత ఒక్క వాక్యం కూడా నమ్మడు. ఏం, ఎందుకడిగావ్?"

"ఊకెనే సార్."

అంబర్‌పేట్‌లో గదికి చేరేసరికి అన్నం సహించలేదు. మంచం మీద పడుకుంటే పైకప్పు నల్లగా, బోర్డంత...

ఫలితాలు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ నవనీత రోజూ టీ తెచ్చింది. రోజూ తాగాడు. దొరికితే దొంగ, దొరకకపోతే దొర అంటారు. దొరగా బతకడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు.

*

గల్లీ మొదట్లో కానుగ చెట్టు పూసింది. రాలిన పూలు తొక్కుకుంటూ పిల్లలు మెట్లెక్కుతున్నారు, వాళ్ల చెప్పులకు అంటుకుని పూలు మూడో అంతస్తు దాకా వస్తున్నాయి. మాసయ్య వాటిని ఊడుస్తున్న పొద్దున, నవనీత వచ్చింది.

చేతిలో టీలు లేవు.

"రాలే కాకా." అంతే అంది మొదట. తర్వాత కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో మార్కులు చూపించింది. "అన్ని పేపర్లు మంచిగనే వచ్చినయ్. ఎస్సేలనే దెబ్బ తిన్న. ఆ ఒక్కటి సగం మంచిగ రాసినా లిస్టుల ఉందును."

మాసయ్య చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు రాయనీకి రాదు కాకా. నాలుగేండ్లకు తెలిసింది. అందరు చదివిందే నేను చదివిన. కానీ నాకు ఆలోచన లేదు. తెలివి లేదు. గంతే."

ఏడవలేదు. అదే దారుణం. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. ఊళ్లో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పని మాట్లాడారట. హాస్టల్ ఖాళీ చేసిందట. మధ్యాహ్నం నారాయణగూడలో ఉప్పల్ బస్సు ఎక్కి, అక్కడి నుంచి జనగామ పోతుందట. పోయే ముందు సన్నటి నోట్‌బుక్ తీసి మాసయ్య చేతిలో పెట్టింది.

"మీరు రాసినయే కదా. మీకే. ఇంకెవలకన్న పనికొస్తయ్."

మెట్లు దిగిపోయింది. కానుగ పూలు రెండు ఆమె చెప్పుల వెంట దిగిపోయాయి.

మాసయ్య నోట్‌బుక్ తెరిచాడు. తేదీలు, మాటలు, పేర్లు. తిప్పుతూ పోతే ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగింది. మిగతా పేజీలకు లేని గీత చుట్టూ ఉంది, ముగ్గులాంటి అంచు. ఉప్పాలియస్ అన్న పేరు పక్కన పెన్నుతో చిన్న గొర్రెపిల్ల. నాలుగు కాళ్లు, వేలాడే చెవులు. దాని కింద చిన్న అక్షరాల్లో, "తాత కూడా ఇట్లనే అనెటోడు కావచ్చు."

ఆ బొమ్మ చూసి మాసయ్య కుర్చీలో కూలబడ్డాడు.

ఒక్క మనిషికి కాదు, ఇద్దరికి చేశాడు ద్రోహం. పోయిన తండ్రి నోట్లోంచి మాట తీసి లేనివాడి నోట్లో పెట్టాడు. ఉన్న పిల్ల తెలివి తీసి ఆమెకే లేదనిపించాడు.

రెండో దాన్ని దిద్దుకోవడానికి ఇంకా కొన్ని గంటలు టైముంది.

*

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ ఎంత దూరం? ఆటోలో పది నిమిషాలు. మాసయ్య నోట్‌బుక్ చేత పట్టుకుని నడిచాడు. ఆటో ఎక్కితే తొందరగా చేరిపోతాడని భయం. చేరకపోతే ఎట్లా అని ఇంకో భయం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద జనం, హారన్లు, చెరకు రసం బండి గంటలు. "దొంగ!" అని ఎవరో అరిచారు. ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఇద్దరు స్నేహితులు, వేళాకోళం. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు.

ఆఖరి మలుపు నుంచి పరిగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి, రబ్బరు చెప్పులు.

నవనీత స్టాపులో ఉంది. కాళ్ల దగ్గర రెండు సంచులు, పుస్తకాల అట్టపెట్టె.

"ఏంది కాకా, గిట్లొచ్చిన్రు? నోట్‌బుక్ వద్దా?"

ఊపిరి అందలేదు. ఒక బస్సు వచ్చింది, వేరే బస్సు. పోయింది.

"ఉప్పాలియస్ లేడు బిడ్డా."

"ఆ?"

"లేడు. గ్రీకుల లేడు, ఏడ లేడు. నేనే పుట్టిచ్చిన. నీకు రాయొస్తది. నీ ఎస్సే మంచిగనే ఉండి ఉంటది. నేను రాసిన పేరే నిన్ను ముంచింది."

నవనీత అతన్ని చూసింది. ఎండ అట్టపెట్టె మీద నుంచి ఆమె చెప్పుల మీదికి జరిగింది. ఎండిన కానుగ పువ్వు ఒకటి ఇంకా అక్కడే అంటుకుని ఉంది.

"మరి ఆ మాట ఎవలది?"

"మా నాయినది. ఉప్పలయ్య."

"గొర్లు కాసుడు?"

"అది నిజమే."

ఆమె పెదవులు కదిలాయి, నవ్వో ఏడుపో... రెండూ కాలేదు. తర్వాత మెల్లగా అడిగింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"పరీక్షకు ముందుగాల ఎందుకు చెప్పలే కాకా?"

మాసయ్య నోరు తెరిచాడు.

కారణాలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. సారు, నౌకరీ, ఆమె చదువు, వాన, ఖాళీ బోర్డు, అరవై జతల కళ్లు. ఒక్కొక్కటీ ఎంత బాగుంది! ఒక్కొక్కటీ ఎంత న్యాయంగా ఉంది! వాటి వెనక ఎక్కడో, కర్ర మీద గడ్డం ఆనించి, ఒక ముసలాయన నవ్వుతున్నాడు.

నోరు మూసుకున్నాడు.

తలదించుకుని నిలబడ్డాడు. ఇక ఆమె పేరు పెట్టాలి. మోసగాడు అనాలి. అబద్ధాలకోరు అనాలి. ముసలి దొంగ అనాలి. అది ఆమె హక్కు, మనిషన్నాక అంతే కదా. పెడితే మోసుకుంటూ ఇంటికి పోతాడు. ఆ పేరు కోసమే ఇంత దూరం వచ్చాడేమో.

"తిట్టు బిడ్డా," అన్నాడు.

ఉప్పల్ బస్సు వచ్చింది.

నవనీత సంచులు భుజాన వేసుకుంది. అట్టపెట్టె ఎత్తబోయాడు మాసయ్య, ఆమె తనే ఎత్తుకుంది. మెట్టు మీద కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి చెయ్యి చాపింది. నోట్‌బుక్ కోసం. ఇచ్చాడు. తీసుకుంది.

ఏ పేరూ పెట్టలేదు.

బస్సు కదిలింది. కిటికీలో ఆమె ఉందో లేదో ఎండ మెరుపులో కనబడలేదు. నాయినా, నీ మాట సగమే నిజం, అనుకున్నాడు మాసయ్య నడిరోడ్డు మీద నిలబడి. పేరు పెట్టని మనుషులు కూడా ఉంటారే. అట్లాంటి వాళ్ల ముందు ఎట్లా బతకాలో నువ్వు చెప్పలేదే...

*

రాత్రి అకాల వాన పడింది.

పొద్దున ఆరున్నర. తడి గుడ్డ. నల్లబోర్డు. సుద్ద వాసన.

కిటికీ పక్క కుర్చీ ఖాళీ. కింద టీ కొట్టు తెరిచారు, ఎవరూ టీ తేలేదు. జేబులో రామచంద్రరావు గారి చీటీ ఉంది. మనిషిని గురించి ఎవరో పెద్దాయన ఏదో అన్నాడు. మాసయ్య చీటీ తీయలేదు.

తొమ్మిదింటికి సారు మెట్లెక్కుతారు. చూస్తారు. అడుగుతారు. నౌకరీ ఉంటుందో పోతుందో తెలియదు.

బోర్డు అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. మధ్యలో అరచేయంత తడి. ఆ తడి కింద ఇంకా, మసగ్గా, ఆ పేరు.

ఆరిన చోట మాట రాశాడు. ఈసారి పుస్తకాల భాషలోకి దిద్దలేదు, తండ్రి ఎట్లా అన్నాడో అట్లాగే రాశాడు. రాసి, తడి దగ్గర ఆగాడు. ఆరేదాకా ఆగవచ్చు. ఆరాక రాస్తే సాయంత్రానికి తుడిచేయవచ్చు, రేపటికి ఏమీ ఉండదు.

ఆగలేదు.

పాత పేరు మీదే, తడి మీదే, సుద్ద నొక్కిపెట్టి రాశాడు.

— ఉప్పలయ్య. గొర్ల కాపరి. మా నాయిన.

ఏమీ కనబడలేదు. నల్లగా, నున్నగా, తడి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పిల్లలు వస్తున్నారు. జేబులో ఫోన్ మోగలేదు, నవనీత చేస్తుందని అనుకోలేదు కూడా. మాసయ్య గుడ్డ పిండి, బోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

అంచుల నుంచి ఆరుతూ వస్తోంది...